రాత్రికి విమానం ఏ ఊళ్లో ఉంటుంది?



నా చిన్నతనంలో మా ఊరికి రాత్రి ఎనిమిది దాటాక ఒక ఎర్ర బస్సు వచ్చేది. మాది ఆదిలాబాద్ జిల్లా, ఉట్నూరు అవతల అడవి అంచున ఒక పల్లె. అది హాల్టింగు బండి. రాత్రికి మా ఊళ్లోనే ఆగేది. డ్రైవరుకూ కండక్టరుకూ రోజుకొక ఇంటి నుంచి జొన్నరొట్టె, పప్పు వెళ్లేవి. ఇద్దరూ బడి వరండాలో పక్కలు వేసుకునేవాళ్లు. కండక్టరు టికెట్ల పెట్టెను తలకింద పెట్టుకుని, డబ్బుల సంచి పట్టీని మణికట్టుకు చుట్టుకుని పడుకునేవాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు డ్రైవరు ఇంజను స్టార్టు చేసేవాడు. చలికాలం అది ఒక పట్టాన అందుకునేది కాదు. నాలుగైదు సార్లు దగ్గి దగ్గి, గట్టిగా ఒక్క అరుపు అరిచేది. ఊరంతా ఆ అరుపుకే లేచేది. కోర్టు పని ఉన్నవాళ్లు, ఆస్పత్రికి పోయేవాళ్లు, కాలేజీ పిల్లలు లాంతర్లు పట్టుకుని బయల్దేరేవాళ్లు. పొద్దున పని చూసుకుని, రాత్రికి అదే బండిలో ఇల్లు చేరేవాళ్లు.

ఆ బండి డిపోదనీ, ఆర్టీసీదనీ మాకు తెలియక కాదు. అయినా మా ఊరి బండి అనే అనేవాళ్లం. పక్క ఊరికీ ఒక బస్సు వచ్చేది. మిట్టమధ్యాహ్నం వచ్చి పది నిమిషాలు ఆగి పోయేది. దాన్ని ఆ ఊరివాళ్లు ఎన్నడూ మా బండి అని అనగా నేను వినలేదు.

ఈ సంగతి మనసులో పెట్టుకుని ఇవాళ చిన్న విమానాల గురించి మాట్లాడదామనుకుంటున్నాను. ఢిల్లీ, ముంబై, దుబాయ్ తిరిగే పెద్ద విమానాలు కావు. రైలు సరిగా అందని ఊళ్లకు, బస్సులో రాత్రంతా కూర్చుంటే గాని చేరుకోలేని ఊళ్లకు వెళ్లే డెబ్బై సీట్ల, ఇరవై సీట్ల విమానాలు.

నలభై ఏళ్లుగా సుల్తాన్ బజార్‌లో ఉంటున్నాను. పొద్దున్నే కోఠి వైపు నడిస్తే, రాత్రి ప్రయాణం చేసి దిగినవాళ్లను చూడగానే గుర్తుపట్టవచ్చు. భుజాన దుప్పటి, చేతిలో సగం ఖాళీ అయిన నీళ్ల సీసా, కళ్ల కింద నీడ. ఈఎన్‌టీ ఆస్పత్రికి వచ్చినవాళ్లు ఓపీ చీటీ కోసం నిలబడి ఉంటారు. ప్రసూతి ఆస్పత్రి గేటు దగ్గర ఒక తల్లి, ఒక అత్త. నారాయణగూడ దాటి చిక్కడపల్లి లైబ్రరీ వరకూ, అశోక్ నగర్ వరకూ వెళ్తే గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు. ఎవరిని కదిపినా కాగజ్‌నగర్ అంటారు, బద్వేలు అంటారు, భైంసా అంటారు. హైదరాబాదులో రెండు గంటల పని కోసం రెండు రాత్రులు రోడ్డు మీద గడిపేవాళ్లు వీళ్లంతా. దూరాన్ని నేను కిలోమీటర్లలో కొలవడం ఎప్పుడో మానేశాను. పని చూసుకుని ఆ రాత్రికి ఇంటికి పోయి పడుకోగలిగితే ఆ ఊరు దగ్గర. లేకపోతే దూరం.

విమాన సర్వీసు మన ప్రాంతానికి మొదట వచ్చింది మనుషుల కోసం కాదు, ఉత్తరాల కోసం. 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి ఒక చిన్న పుస్ మాత్ విమానంలో టపా సంచులతో బయల్దేరి, అహ్మదాబాద్ మీదుగా బొంబాయి చేరారు. అహ్మదాబాద్‌లో ఆయన విమానానికి పెట్రోలు డబ్బాలు ఎద్దులబండి మీద వచ్చాయి. బొంబాయి నుంచి నెవిల్ విన్సెంట్ అనే పైలట్ ఆ టపా అందుకుని, రాత్రికి బళ్లారిలో ఆగి, మర్నాడు మద్రాసు చేర్చాడు. బళ్లారి అంటే కన్నడమూ తెలుగూ పక్కపక్క ఇళ్లలో వినబడే ఊరు. అలా టాటాల తొలి టపా విమానం రాత్రి హాల్టు చేసిన ఊళ్లలో మనవాళ్ల ఊరొకటి. చీకట్లో ఎగరడానికి దీపాలు లేవు కాబట్టి ఆగారు. కారణం ఏదైనా, ఆ రాత్రి బళ్లారి ఒక మజిలీ.

తర్వాత మనకు బేగంపేట విమానాశ్రయం వచ్చింది. నిజాం రాజ్యంలో రైళ్లు నడిపిన రైల్వే సంస్థే 1932 నుంచి బస్సులూ నడిపింది. ఆ వెనకే విమానాల వ్యవహారమూ దాని చేతికే వచ్చింది. రైలు, బస్సు, విమానం మూడూ ఒకే పద్దులో చూడాలన్న ఆలోచన ఆ రోజుల్లోనే ఇక్కడ ఉంది. ఇది చిన్న విషయం కాదు. రైలు ఎక్కడ ఆగిపోతే అక్కడ బస్సు, బస్సు ఎక్కడ చాలకపోతే అక్కడ విమానం అని లెక్క వేయాలంటే మూడింటినీ ఒకే బల్ల మీద పరిచి చూసేవాళ్లు ఉండాలి. ఇప్పుడు మూడింటికీ మూడు బల్లలు.

1945లో నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. బేగంపేట దాని ఇల్లు. యుద్ధం ముగిశాక చవగ్గా దొరికిన డకోటా విమానాలు దాని బలగం. రెండు ఇంజన్లు, నేల మీద నిలబడితే ముక్కు పైకెత్తి తోక కిందకు వాల్చే విమానం. సీటు వెతుక్కోవాలంటే లోపల ఎత్తు ఎక్కినట్టు నడవాలి. అది మద్రాసుకు, బెంగళూరుకు, నాగపూర్ మీదుగా ఢిల్లీకి తిరిగింది.

ఆ కంపెనీ చేసిన ఒక పని నాకు ఎంతో ఇష్టం. ప్రేమ్ మాథుర్ అనే ఆవిడ 1947లో అలహాబాద్ ఫ్లయింగ్ క్లబ్‌లో కమర్షియల్ పైలట్ లైసెన్సు తీసుకున్నారు. ఆడమనిషి నడిపితే ప్రయాణికులు ఎక్కరని ఎనిమిది కంపెనీలు కాదన్నాయి. ఉద్యోగం ఇచ్చింది హైదరాబాదులోని డెక్కన్ ఎయిర్‌వేస్. మన దేశంలో కమర్షియల్ పైలట్‌గా పనిచేసిన తొలి మహిళ అలా బేగంపేట నుంచి ఎగిరారు. కో-పైలట్‌గానే ఉంచారు గాని కెప్టెన్ సీటు ఆమెకు ఇక్కడ దక్కలేదు. 1949లో జాతీయ ఎయిర్ రేస్ గెలిచారు. తర్వాత బిర్లాల విమానం నడిపి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరారు. పెద్ద కంపెనీలకు లేని తెగువ ఊరి కంపెనీకి ఉండడం నాకు ఆశ్చర్యం అనిపించదు. తన చుట్టూ ఉన్న మనుషులను చూసి నిర్ణయం తీసుకునే వీలు దానికి ఉంటుంది.

1953 ఆగస్టు 1న ఎనిమిది కంపెనీలు కలిసిపోయి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. అందులో డెక్కన్ ఎయిర్‌వేస్ ఒకటి. విమానాలు బేగంపేట నుంచే ఎగిరాయి. ఏ ఊరికి, ఏ వేళకు అన్నది మాత్రం ఢిల్లీలో తేలింది. జాతీయం చేయడం తప్పని నేను అనను, ఆ రోజుల్లో చాలా కంపెనీలు నష్టాల్లో కొట్టుమిట్టాడుతున్నాయి. కానీ ఇక్కడి మనుషులు ఇక్కడ కూర్చుని టైం టేబుల్ రాసుకునే రోజు అప్పటితో పోయింది.

1981లో చిన్న ఊళ్ల కోసమని, ముఖ్యంగా ఈశాన్య కొండ ప్రాంతాల కోసమని కేంద్రం వాయుదూత్ పెట్టింది. రాజమండ్రి లాంటి మన ఊళ్లూ ఆ విమానం చూశాయి. పదేళ్లు దాటాక అదీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

ఇక మన కళ్ల ముందు జరిగిన సంగతి. 2015 జులైలో హైదరాబాద్ కేంద్రంగా ట్రూజెట్ అనే చిన్న కంపెనీ తిరుపతికి తొలి విమానం నడిపింది. వాడినవి ఏటీఆర్-72 విమానాలు. అది రెక్కలకు పంకాలు తిరిగే విమానం. డెబ్బై మందికి కాస్త అటూ ఇటూ. ఎక్కే తలుపు తోక దగ్గర ఉంటుంది. సామాను ముందువైపు, పైలట్ల గదికీ మనకూ మధ్య పెడతారు. వరసకు అటు రెండు, ఇటు రెండు సీట్లు, నడుమ ఇరుక్కునే సీటే లేదు. రెక్క నెత్తి మీద ఉంటుంది కాబట్టి ఎక్కడ కూర్చున్నా కింద నేల కనబడుతుంది. మరీ ఎత్తుకు పోదు. ఊళ్లు, చెరువులు, గుట్టలు గుర్తుపట్టుకుంటూ పోవచ్చు.

2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కేంద్ర పథకం ఉడాన్ కింద తొలి విమానాలు ఎగిరాయి. ప్రధానమంత్రి సిమ్లాలో జెండా ఊపిన రోజునే హైదరాబాద్ నుంచి కడపకు, నాందేడ్‌కు ట్రూజెట్ సర్వీసులు ఆ పథకం కింద మొదలయ్యాయి. కడప ఒక దిక్కు, నాందేడ్ ఒక దిక్కు. నాందేడ్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. అక్కడి మగ్గాల వీధుల్లో ఇప్పటికీ తెలుగు వినబడుతుంది. హుజూర్ సాహిబ్ గురుద్వారాకు మన గౌలిగూడ నుంచి వెళ్లే సిక్కు కుటుంబాలు ఎన్నో. అదే ఏడాది ఆ కంపెనీ బళ్లారి పక్కన విద్యానగర్‌కూ విమానం నడిపింది. విన్సెంట్ టపాతో ఆగిన బళ్లారికి 85 ఏళ్ల తర్వాత మళ్లీ ఒక చిన్న విమానం.

నాతో ఒకే ఆఫీసులో పనిచేసి రిటైరైన మిత్రుడు ఒకాయన చిక్కడపల్లిలో ఉంటాడు. సొంతూరు కడప. వాళ్ల అమ్మ ఊళ్లోనే ఉండేది. కాలు నొప్పితో బస్సులో కూర్చోలేని మనిషి. ఆమెను ఆ విమానంలో తీసుకొచ్చాడు. మర్నాడు నాకు చెబుతున్నాడు:

"అన్నా, మా యమ్మ కిటికీ వదల్లేదు. ఎక్కీ ఎక్కంగానే పెన్నేరు కనపడింది. ఒరేయ్, ఏట్లో చుక్క నీళ్లు లేవు గదరా అనింది. నల్లమల వచ్చినాక మాట్లాడల్యా. కృష్ణ దాటినాక నన్ను జూసి, ఇంతేనా హైదరాబాదు, ఇంత దగ్గరుంటే ఇన్నాళ్లూ ఎందుకురా రాకపోతివి అని తిట్టింది."

నలభై ఏళ్ల దూరం ఆ తల్లికి గంటలో తెలిసింది. చిన్న విమానం చేసే పని ఇది. డబ్బున్నవాళ్ల విలాసం అని కొట్టిపారేసేవాళ్లు ఆ సీట్లలో ఎవరు కూర్చున్నారో ఒకసారి చూడాలి. ముందు బస్సు ఉండాలి, రైలు ఉండాలి అంటే ఒప్పుకుంటాను. మా ఊరి పిల్లాడిగా ఆ మాట నేనే మొదట అంటాను. కానీ బస్సు ఉన్నచోట కూడా పదిగంటలు కూర్చోలేని శరీరాలు ఉంటాయి.

ఉడాన్ పథకం ఎలా నడుస్తుందో కాస్త చెప్పాలి. గంట ప్రయాణానికి, అంటే దాదాపు 500 కిలోమీటర్లకు, విమానంలో సగం సీట్ల ధర మొదట్లో 2,500 రూపాయలకు మించకూడదన్నారు. ఆ ధరకు గిట్టదు కాబట్టి కంపెనీకి వచ్చే లోటును భర్తీ చేస్తారు. ఆ సొమ్ము కోసం పెద్ద రూట్లలో ఎగిరే విమానాల మీద కొంత లెవీ వసూలు చేస్తారు, రాష్ట్రాలు తమ వాటాగా 20 శాతం పెడతాయి. ఢిల్లీకి ఎగిరే మనిషి టికెట్లోంచి కొంత కడప తల్లి టికెట్లోకి వస్తుందన్నమాట. దీన్ని దానం అనడం నాకు నచ్చదు. ఆర్టీసీలో రద్దీ రూట్ల రాబడితోనే కదా మా ఊరి హాల్టింగు బండి నడిచింది. దాన్ని ఎవరూ దానం అనలేదు. సర్వీసు అన్నారు.

చిక్కంతా గడువుతో వచ్చింది. ఈ భర్తీ మూడేళ్లే. ఆ తర్వాత రూటు తన కాళ్ల మీద తాను నిలబడాలి. మూడేళ్లలో ఒక ఊరికి విమానం అలవాటవుతుందా? అలవాటు కావాలంటే ముందు నమ్మకం కుదరాలి. పెళ్లికి ముహూర్తం పెట్టుకునేవాడు, ఆపరేషన్ తేదీ తీసుకునేవాడు, దుకాణానికి సరుకు చెప్పేవాడు, వచ్చే ఏడాది కూడా ఈ విమానం ఉంటుందా అని అడుగుతాడు. కాగ్ 2023లో ఇచ్చిన నివేదికలో అంకెలు ఇలా ఉన్నాయి: ఇచ్చిన రూట్లు 774. అసలు మొదలే కానివి 403. మొదలైన 371లో మూడేళ్లూ పూర్తి చేసినవి 112. ఆ గడువు దాటాక కూడా, 2023 మార్చి నాటికి ఎగురుతున్నవి 54. ఈ అంకెలు చదివిన రోజు నాకు చాలా బాధ వేసింది. ఒక ఊరికి విమానం వచ్చి పోవడం, అసలు రాకపోవడం కంటే కష్టం. రానిదాని మీద ఎవరూ లెక్కలు వేసుకోరు.

ట్రూజెట్ కరోనా దెబ్బ తిన్నది, అప్పుల్లో పడ్డది, 2022 ఫిబ్రవరిలో ఎగరడం ఆపేసింది. కడప అదృష్టం, కొన్నాళ్లకే ఒక పెద్ద కంపెనీ ఏటీఆర్‌లు అక్కడికి రావడం మొదలుపెట్టాయి. అన్ని ఊళ్లకూ ఆ అదృష్టం పట్టలేదు.

ఒకసారి పని మీద ఒక చిన్న ఊరికి విమానంలో వెళ్లాను. ఊరి పేరూ కంపెనీ పేరూ అక్కర్లేదు. మధ్యాహ్నం దిగాం. మేం దిగిన మెట్ల మీదే పైకి వెళ్లేవాళ్లు ఎక్కారు. అరగంటలో విమానం వెళ్లిపోయింది. నా పక్కన ఆటోలో కూర్చున్న టీచరు అన్నాడు, "సార్, ఇది నగరంవాళ్లు మా ఊరు చూసి పోవడానికి బాగుంది. మేం నగరం పోవాలంటే సాయంత్రానికి దిగుతాం. ఆఫీసులు మూసేసి ఉంటాయి. రాత్రికి లాడ్జి తీసుకోవాలి. లాడ్జి తీసుకునేదుంటే నేను రైల్లోనే పోతాను."

ఆ మాటతో నాకు మా ఊరి బడి వరండా గుర్తొచ్చింది. ఎన్ని రూట్లు అని అందరం లెక్కపెడుతున్నాం, ఎన్ని సీట్లు నిండాయని చూస్తున్నాం. రాత్రికి విమానం ఏ ఊళ్లో ఉంటుందని అడగడం లేదు. నగరంలో నిద్రపోయే విమానం పొద్దున్నే నగరంవాళ్లను చిన్న ఊరికి తీసుకెళ్తుంది. చిన్న ఊళ్లో నిద్రపోయే విమానం పొద్దున్నే ఆ ఊరివాళ్లను నగరానికి తెచ్చి, రాత్రికి ఇంట్లో దింపుతుంది. విమానం అదే, పైలట్లు వాళ్లే, కిరోసిన్ అంతే. ఒకటి సందర్శకుల బండి, ఒకటి ఊరి బండి.

ఉత్తర ధ్రువం దగ్గరి దేశాలవాళ్లు ఇది ఎప్పుడో గ్రహించారు. నార్వే ఉత్తర తీరంలో సముద్రం కోసుకుపోయిన కొండల మధ్య చిన్న చిన్న ఊళ్లు. 1968 నుంచి అక్కడ 800 మీటర్ల పొట్టి రన్‌వేలు కట్టుకుంటూ వచ్చారు, వాటి మీద వీడెరో అనే కంపెనీ విమానాలు తిరుగుతాయి. ప్రభుత్వం డబ్బిచ్చి రూటు అప్పగించేటప్పుడు కాగితంలో షరతు రాస్తుంది: ఉదయం ఇన్ని గంటలలోపు పెద్ద ఊరు చేర్చాలి, సాయంత్రం ఇన్ని గంటలు దాటాకే అక్కడినుంచి తిరిగి బయల్దేరాలి. ఆస్పత్రి పనీ ఆఫీసు పనీ ఒక్కరోజులో అయిపోవాలన్నది ఆ షరతు వెనకున్న ఆలోచన. డబ్బిచ్చేవాడు టైం టేబుల్ అడిగి తీసుకుంటున్నాడు.

కెనడాలో ఇంకా ముందుకు పోయారు. క్వెబెక్ ఉత్తర కొసన నునావిక్ అనే మంచు ప్రాంతంలో ఇన్యూట్ ప్రజల పల్లెలు 14 ఉన్నాయి. వాటిని బయటి ప్రపంచంతో కలిపే రోడ్డు ఒక్కటి కూడా లేదు. వాళ్ల నేల, వాళ్ల నదుల విషయంలో 1975లో ప్రభుత్వంతో ఒప్పందం కుదిరి పరిహారం వచ్చింది. 1978 నుంచి వాళ్లకు సొంత విమాన సంస్థ ఉంది, పేరు ఎయిర్ ఇన్యూట్. పాలడబ్బాలైనా రోగులైనా ఆ విమానాలు మోస్తాయి. యజమానులూ వాళ్లే, ప్రయాణికులూ వాళ్లే. ఉత్తరాదిలోని వాళ్ల సొంత ఊళ్లలోనూ విమానాలు మకాం వేసుకుంటాయి. నష్టం వచ్చిందని మూడేళ్లకు వదిలేసి ఇంకో రూటు చూసుకోవడానికి వాళ్లకు ఇంకో ఊరు లేదు.

మన దగ్గర ఉన్నది అంత గడ్డు పరిస్థితి కాదు. రోడ్లున్నాయి, రైళ్లున్నాయి. అందుకే మన ఊళ్ల అవసరం ఎవరికీ అత్యవసరంగా కనబడదు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు రోడ్డు మీద 300 కిలోమీటర్లు, బాగున్న హైవే. కానీ ఆ హైవే వరకూ రావడానికే రెండు మూడు గంటలు పట్టే ఊళ్లున్నాయని, అలాంటి ఊళ్లో పుట్టినవాణ్ని కాబట్టి, నాకు తెలుసు.

ఆదిలాబాద్‌లో నిజాం కాలం నాటి ఏరోడ్రోమ్ మైదానం ఇప్పటికీ ఉంది. ఊళ్లోవాళ్లు పొద్దున్నే అక్కడ నడకకు పోతారు. వరంగల్ మామునూరులో 1930ల నాటి విమానాశ్రయం దశాబ్దాలుగా మూతపడి ఉంది. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న ఒప్పందం కూడా ఒక అడ్డు అయింది. అది తొలగి, 2025 ఫిబ్రవరిలో మామునూరుకు కేంద్రం అనుమతి ఇచ్చింది. భూసేకరణ మాట, రన్‌వే పొడవు మాట, టెర్మినల్ బొమ్మ పేపర్లో చూస్తున్నాం. సంతోషం.

మా సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది, 1901లో పెట్టినది. పేపర్లు చదవడానికి అక్కడికి వెళ్తుంటాను. మామునూరు వార్త వచ్చిన రోజు పక్క కుర్చీలో హనుమకొండ పెద్దాయన ఒకరు ఆ వార్తను రెండుసార్లు చదివి నాకిచ్చారు. టెర్మినల్ ఎన్ని చదరపు మీటర్లో ఉంది. ఏ విమానాలు దిగవచ్చో ఉంది. నేను ఇంకోదాని కోసం వెతికాను. రాత్రికి ఆగే విమానానికి చోటు, రన్‌వే మీద దీపాలు, తెల్లవారుజామున ఇంజను చూసే మెకానిక్కు, పైలట్లు పడుకోవడానికి ఒక గది.

"ఏం వెతుకుతున్నరు?" అన్నారు పెద్దాయన.

మా ఊరి బండి సంగతి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "మా ములుగు దిక్కు కూడ ఉండె అసుంటి బండి. డ్రైవరుకు మా ఇంట్లనే అన్నం పెట్టేటోళ్లం," అన్నారు.